ఆ వేపచెట్టు మొదట్లో మట్టి కావాలి

జూన్ చివర్లో, ఆరుద్ర కార్తె నడుస్తుండగా, మన ప్రవాస తెలుగు సంఘం విరాళంతో బాగుచేయించిన హైదరాబాద్ పాఠశాల ప్రారంభోత్సవానికి మా అమ్మాయితో కలిసి వెళ్లాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, శిలాఫలకం అన్నీ మీకు తెలిసినవే. కొత్త మరుగుదొడ్లు, మంచినీటి కుళాయిలు చూసి కడుపు నిండింది. ఆవరణ చూశాకే మనసు చివుక్కుమంది. గేటు నుంచి వెనుక గోడ దాకా సిమెంటు పలకలే. పాత వేపచెట్టు మొదట్లో చారెడు మట్టి కూడా మిగల్చలేదు. “ఇక మన పిల్లలకు మట్టి అంటదు” అని వేదిక మీద మనవారొకరు అంటే అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను.

సభ అయ్యాక ఐదో తరగతి పిల్లలు మా అమ్మాయిని వంటషెడ్డు వెనక్కి తీసుకెళ్లారు. పలకలు చాలక వదిలేసిన చిన్న జాగా అది. ముందురోజు రాత్రి వాన పడింది. తడిమట్టి మీద ఆరుద్ర పురుగులు, కుంకుమ రంగు మఖమలు గింజల్లా! ఒక పాప ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుంది. అది కాళ్లు ముడుచుకుని కాసేపు కదల్లేదు. పాప చెయ్యి కదపకుండా ఎదురుచూసింది. అది మెల్లగా నడవగానే కాళ్లు లెక్కపెట్టి మా అమ్మాయికి చూపించింది: “చీమకు ఆరు, దీనికి ఎనిమిది. సాలీడుకూ ఎనిమిదే. ఇది సాలీడు చుట్టం.”

వాళ్ల టీచరు నోటుపుస్తకంలో రెండు గళ్లు గీయించారు. ‘పలకల మీద’ అన్న గడిలో చీమలు, ఎండుటాకులు. ‘మట్టిలో’ అన్న గడిలో వానపాము, నత్త, గరిక, తుంగ, రెడ్డివారి నానబాలు, ఏడు ఆరుద్ర పురుగులు, ఇంకా రాస్తూనే ఉన్నారు. ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోపలే ఉండి తొలకరికి పైకొచ్చే ప్రాణి ఆరుద్ర పురుగు. పైన సిమెంటు పరిస్తే ఎక్కడి నుంచి వస్తుంది?

టీచర్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. వానాకాలం బురదలో పిల్లలు జారిపడతారు, నీళ్లు నిలిస్తే దోమలు. నడిచే దారికి, అన్నం తినే చోటికి పలకలు ఉండాల్సిందే. ఆవరణ మొత్తానికి ఎందుకు? మట్టి ముట్టుకుంటే కసురుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. అయినా ఆరుద్ర పురుగును గడ్డిపరకతో అగ్గిపెట్టెలో దాచుకోని బాల్యం మనలో ఎందరిది? ఇక్కడ మా అమ్మాయి బడిలో మైదానం చివర గడ్డి కోయకుండా వదిలి, పిల్లల చేతికి భూతద్దాలిచ్చి పంపుతారు. దాన్ని మెచ్చుకునే మనమే అక్కడ నేల మూయించాం.

కార్యవర్గానికి నా విన్నపం: తర్వాతి బడి అంచనాల్లో ప్రతి చెట్టు చుట్టూ ఆరడుగుల మట్టి, ఒక మూల పలకలు లేని జాగా, తరగతికి పది భూతద్దాలు చేర్చండి. ఈ బడిలో వేపచెట్టు చుట్టూ ఉన్న పలకలను వచ్చే ఆరుద్ర కార్తెలోగా తీయించండి. ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.