సవరణ: కీవర్డ్స్ అంటే ట్యాగ్ నింపడం కాదు

గద్వాల, నారాయణపేట చీరల దుకాణాల వెబ్‌సైట్ల గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో "ప్రతి పేజీలో కీవర్డ్స్ ఉండాలి" అన్న వాక్యం ఉంది. అది చదివి కొందరు పేజీ కోడ్‌లోని కీవర్డ్స్ మెటా ట్యాగ్‌లో (పేజీ చూసేవాళ్లకు కనిపించని చోట) కుప్పలుగా మాటలు నింపుతున్నారు. ఆ వాక్యాన్ని ఇలా చదువుకోండి: "కొనేవాళ్లు వెతికే మాటలు పేజీ టైటిల్‌లో, శీర్షికల్లో, మనం రాసే వివరంలో సహజంగా ఉండాలి."

ర్యాంకింగ్‌కు, అంటే ఫలితాల్లో పేజీ ఎన్నో స్థానంలో రావాలో తేల్చడానికి, కీవర్డ్స్ ట్యాగ్‌ను వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. పేజీ గురించి క్లుప్తంగా చెప్పే డిస్క్రిప్షన్ ట్యాగ్ సంగతి వేరు. అది ర్యాంకు పెంచదు గానీ, ఫలితాల్లో టైటిల్ కింద కనిపించే వివరంగా గూగుల్ దాన్ని చూపించవచ్చు. కాబట్టి తప్పకుండా రాయండి.

అసలు పని టైటిల్ దగ్గరే ఉంది. చాలా సైట్లలో అన్ని పేజీలకూ "హోమ్" అనో, షాపు పేరో మాత్రమే ఉంటోంది. ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే సరుకు అంత బాగుంటుంది. "గద్వాల చీరలు: నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు" అని పెడితే మనిషికీ అర్థమవుతుంది, గూగుల్‌కూ అర్థమవుతుంది. ధర, నేత వివరాలు వాట్సాప్ పోస్టర్ బొమ్మలోనే వదిలేయకుండా పేజీలో టైప్ చేయండి. ఫోటోలకు ఆల్ట్ టెక్స్ట్ (ఫోటోలో ఏముందో చెప్పే మాటలు) కూడా రాయండి. అలాగని ఒకే మాటను పదేపదే ఇరికిస్తే గూగుల్ దాన్ని స్పామ్‌గా చూస్తుంది.

ఇంకొకటి. "మొదటి స్థానం గ్యారంటీ" అనేవాళ్లకు డబ్బు కట్టకండి. ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. సైట్ యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ ఉచితం, అందులో సైట్‌మ్యాప్ (మీ సైట్ పేజీల జాబితా) మీరే ఇచ్చుకోవచ్చు.