చుక్కలు చూపించే ప్రొఫార్మా

మన గోదావరి డెల్టాలో ఏ ఆఫీసు గుమ్మం ఎక్కినా ముందు వినపడే మాట "ఏంటండీ మీ కష్టం?" అని కాదు. "ప్రొఫార్మాలో తెచ్చారా?" అని. ప్రొఫార్మా అంటే అర్జీ రాయాల్సిన నిర్ణీత నమూనా. తేలేదంటే ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపు వైపు చెయ్యి చూపిస్తారు. ఆ షాపు కంప్యూటర్లో 'న్యూ ఫోల్డర్', దాంట్లో ఇంకో 'న్యూ ఫోల్డర్', దాని అడుగున 'ఫైనల్ ప్రొఫార్మా లేటెస్ట్ 2' అనే వర్డ్ ఫైలు ఉంటుంది. దాన్ని తయారుచేసిన మహానుభావుడెవరో ఆఫీసుకీ తెలీదు, షాపుకీ తెలీదు. వేదాల తర్వాత అపౌరుషేయమని ఒప్పుకోదగ్గది మా జిల్లాల్లో ఇదొక్కటే.

నా ఫిర్యాదల్లా అందులోని చుక్కల మీద.

'దరఖాస్తుదారుని పేరు' అని రాసి, అక్కణ్ణించి కాగితం అంచు దాకా ఫుల్‌స్టాప్ బటన్ మీద వేలు ఆనించి వదిలేశారు. పెన్నుతో నింపే కాగితమైతే చుక్కలు పనికొస్తాయి, కాదనను. కానీ చేతిరాత చెల్లదట, కంప్యూటర్లోనే నింపి ప్రింటు తియ్యాలట. సరే, చుక్కల మొదట్లో కర్సర్ పెట్టి 'వెంకట సత్యనారాయణమూర్తి' అని కొట్టి చూడండి. అక్షరం పడినకొద్దీ చుక్కలు కుడివైపుకి జరుగుతాయి. అంచు తగలగానే మూకుమ్మడిగా కింది లైన్లోకి దూకేస్తాయి. దాంతో 'తండ్రి పేరు' ఒక లైను దిగుతుంది. మన వైపు తండ్రుల పేర్లు మాత్రం పొట్టిగా ఉంటాయా? ఆయన 'గ్రామం'ని తోస్తాడు, గ్రామం 'సర్వే నంబరు'ని తోస్తుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇంకో ఘట్టం కలిసింది. 'తూ.గో. జిల్లా' అని రాసుకునే చోట ఇప్పుడు 'డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా' అని నిండుగా రాయాలి. నిండుగానే రాయాలి, అందులో రెండో మాట లేదు. జాగా ఇవ్వనివి చుక్కలే. అన్నీ నింపి చూసుకుంటే 'ఇట్లు, తమ విధేయుడు' రెండో పేజీలో ఒంటరిగా నిలబడి ఉంటాడు.

అప్పుడు ఆపరేటర్ అబ్బాయి బ్యాక్‌స్పేస్ మీద కూర్చుని చుక్కలు ఏరడం మొదలుపెడతాడు. ఒకటి తక్కువ ఏరితే చుక్కలు కిందే ఉంటాయి. పది ఎక్కువ ఏరితే లైను బోసిపోతుంది, మళ్లీ పెడతాడు. ఇదే పని సక్రమంగా చేసే ఏర్పాటు వర్డ్‌లో నిన్నా మొన్నా వచ్చింది కాదు. కుడి అంచున ఒక ట్యాబ్ స్టాప్, అంటే ట్యాబ్ నొక్కితే కర్సర్ వెళ్లి ఆగే చోటు పెట్టి, దానికి చుక్కల లీడర్, అంటే మధ్య ఖాళీని చుక్కలతో నింపే ఏర్పాటు తగిలిస్తే చాలు. పేరు పొడుగైతే చుక్కలు వాటంతటవే తగ్గుతాయి, పొట్టిదైతే పెరుగుతాయి. కానీ అది పెట్టడానికని పైన కనపడే రూలర్ని మా వాళ్లు అలంకారమనుకుంటారు. కొందరు తెర మీద చోటు తినేస్తోందని దాన్ని తీయించేశారు కూడా.

ఇక తేదీ. తేదీ కుడిపక్కన ఉండాలన్నది మన సంప్రదాయం. దాని కోసం అబ్బాయి స్పేస్‌బార్ మీద బొటనవేలు పెట్టగానే షాపు మొత్తం సర్దుకుని నిలబడుతుంది. కోటిపల్లి రేవులో పంటు, అదే మనుషుల్నీ బళ్లనీ ఏరు దాటించే పడవ, గట్టుకి చేరేటప్పుడు చూశారా, తాడు పట్టుకున్నవాడూ, మోటార్ సైకిల్ మీదున్నవాడూ, పాల క్యాన్లవాడూ అంతా దాన్ని నడిపే సరంగుకి సలహాలు చెబుతుంటారే, అచ్చం అలాగే.

"ఇంకొంచెం జరుపబ్బాయ్," అంటాడు అర్జీదారు.

టకటకటకటక.

"ఇంకో రవ్వండి," అంటాడు ఆధార్ జెరాక్సుకొచ్చినాయన. ఈ అర్జీతో ఆయనకేం పని లేదు.

టక. టక.

"ఎక్కువైంది, ఎక్కువైంది! పడిపోయింది చూడు!"

నిజమే. '14-07-' పైనుంది, సంవత్సరం కింద పడింది.

"వెనక్కి తియ్యి... ఇంకా... ఆఁ, ఆపు. ఆపెయ్. ఇంక కదపకు!"

అంతా ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు గుర్తొస్తుంది, అదే లైన్లో ఎడమపక్కన 'స్థలం' అని ఒకటుంది. 'అమలాపురం' అని కొట్టగానే, అంత కష్టపడి గట్టుకి కట్టిన తేదీ మళ్లీ కొట్టుకుపోతుంది. ఈలోగా టీలొస్తాయి. ఎవరికీ కోపం రాదు. బెంచీ మీదున్న రిటైర్డ్ మాస్టారొకాయన మెల్లిగా, "తేదీకి విడిగా ఓ లైనిచ్చి, కంట్రోల్, ఆర్ నొక్కు నాయనా, అదే పోతుంది కుడివైపుకి," అంటారు. అబ్బాయి ఆయన్ని జాలిగా చూస్తాడు. "అది నొక్కితే మొత్తం పాడైపోద్దండి మాస్టారూ!"

వాడు అబద్ధమాడటం లేదు. అక్కడే ఉంది మజా. వర్డ్ 2007 నుంచి ఎంటర్ కొడితే పేరాకీ పేరాకీ మధ్య ఖాళీ దానంతటదే వస్తుంది. ఆ ఖాళీ ఎక్కడ తగ్గించాలో చూసే ఓపిక లేక, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడితే ఖాళీ రాదని ఎవరో కనిపెట్టారు. ఆ విద్య రావులపాలెం నుంచి నరసాపురం దాకా పాకింది. షిఫ్ట్ ఎంటర్ కొడితే లైను విరుగుతుందే గానీ పేరా పూర్తవదు. కాబట్టి 'గౌరవనీయులైన' దగ్గర్నుంచి 'తమ విధేయుడు' దాకా వర్డ్ లెక్కలో అంతా ఒక్కటే పేరా. అందులో ఒక్క తేదీని కుడికి పంపమంటే ఊరంతా బయల్దేరుతుంది. పైగా అంచులు రెండూ సమంగా రావాలని జస్టిఫై నొక్కారా, 'ఇట్లు' ఎడమ గట్టునా, 'తమ' నడి ఏట్లో, 'విధేయుడు' అవతలి గట్టునా తేలతారు.

టైపు మిషన్ల కాలం అలవాటు పోలేదండీ అని కొందరు వెనకేసుకొస్తారు. టైపు మిషన్ని ఇందులోకి లాగకండి. దానికి మార్జిన్ స్టాపులున్నాయి, ట్యాబ్ స్టాపులున్నాయి. టైపు లోయరు పరీక్షకి వెళ్లినవాళ్లని అడగండి. శీర్షిక మధ్యకి రావాలంటే క్యారేజీని నడిమికి తెచ్చి, రెండేసి అక్షరాలకి ఒక్కో బ్యాక్‌స్పేస్ చొప్పున వెనక్కి లెక్కపెట్టుకుని అప్పుడు కొట్టడం మొదలుపెట్టేవారు. ఇన్‌స్టిట్యూట్ మాస్టారు స్కేలు పెట్టి కొలిచేవారు. ఈ స్పేస్‌బార్ వేదాంతం వాళ్ల ఖాతాలో వేస్తే పాపం.

మరో ఘనకార్యం ఒత్తుల మీద జరుగుతోంది. విండోస్ ఎక్స్‌పీతో పాటు 2001లో వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలాక యానాం వైపు పోయే పాయ పేరూ అదే. తెలుగు అక్షరానికి నెత్తిన గుడి ఉంటుంది, కాళ్ల కింద ఒత్తు ఉంటుంది. ఆ రెంటికీ చోటుండాలి గనక గౌతమిలో లైన్లు దూరం దూరంగా పడతాయి. సూపరింటెండెంటు గారికి ఆ దూరం నచ్చదు. కాగితం దండగంటారు. అబ్బాయి లైన్ స్పేసింగ్‌లోకి వెళ్లి 'ఎగ్జాక్ట్‌లీ 12' అని పెడతాడు. అంటే అక్షరం ఎంత ఎత్తున్నా సరే, నాకు సంబంధం లేదు, ఇంతలోనే ఇమడాలని అర్థం. ఇమడకపోతే కోసేస్తుంది. ఉప్పలగుప్తం కాస్తా 'ఉపలగుపం' అవుతుంది. అయినవిల్లి 'అయినవిలి' అవుతుంది. అల్లవరం 'అలవరం' అయి కూర్చుంటుంది. గెజెట్‌తో పని లేకుండా ఊళ్ల పేర్లు మార్చే అధికారం ఒక్క డ్రాప్‌డౌన్ మెనూకి ఇచ్చేశాం.

కాగితం సైజు గురించి ఎక్కువ చెప్పను. షాపులో ఫైలు లీగల్ సైజులో ఉంటుంది, అంటే 356 మిల్లీమీటర్ల పొడవు. ఆఫీసు ప్రింటర్లో ఉండేది ఏ4, 297 మిల్లీమీటర్లు. తేడా 59. సంతకం ఉండేది ఆ 59లోనే.

ఇంతా చేసి, వీళ్లకి పని రాదంటే నేనొప్పుకోను. ఇదే షాపులో ఇదే అబ్బాయి వేసిన పెళ్లి శుభలేఖ తీసి చూడండి. నడినెత్తిన వినాయకుడు వెంట్రుకవాసి తేడా లేకుండా మధ్యలో ఉంటాడు. వధువు పక్షం, వరుడి పక్షం, ముహూర్తం, విందు, ఏ గడి దాటి ఏదీ బయటికి రాదు. మేనమామల పేర్లు వరసగా, ఒకే ఎత్తున. ఇదంతా పేజ్‌మేకర్లో. 1985లో ఆల్డస్ వాళ్లు తెచ్చి, తర్వాత అడోబీ చేతికొచ్చి, 2001లో ఏడో వెర్షన్‌తో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని ఈ రోజుకీ మా వాళ్లు కళ్లు మూసుకుని ఆడిస్తారు. పండక్కి కట్టే ఫ్లెక్సీలో నలభై ముఖాలుంటే, ఏ నాయకుడి తల ఎవరి తల కన్నా అంగుళం పెద్దగా ఉండాలో స్కేలు లేకుండా చెబుతారు. కాబట్టి విద్య ఉంది. శుభలేఖ తప్పొస్తే వియ్యంకుడు ఊరుకోడు, ఫ్లెక్సీ తప్పొస్తే అనుచరులు ఊరుకోరు. అర్జీ తప్పొస్తే అడిగే దిక్కెవరు?

ఈ మధ్య మా వైపు ఒక కౌలు రైతు అర్జీ వెనక్కొచ్చింది. విషయం మురుగు కాలువ. గుర్రపుడెక్క అల్లుకుపోయి నీరు కదలక, నాట్లేసిన చేను నీట మునిగి ఉంది. సాగు గిట్టుబాటు కాక 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించిన గడ్డ మీద, ఇంకా కౌలుకి తీసుకుని నాట్లేసే మనిషి దొరకడమే గొప్ప. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు రైతుకిచ్చే సాగుదారు హక్కు పత్రం కావాలంటే ఆయన భూమి యజమాని చుట్టూ సంతకానికి తిరగాలి. అదయ్యాక ఈ అర్జీ. దాని మీద ఎర్ర సిరాతో రాసి పంపిన కారణం, 'నిర్ణీత నమూనాలో లేదు. సంతకం విడి పేజీలో ఉన్నది.'

నమూనా మీది కాదూ? ఆ చుక్కలు మీ ఫైల్లోవి కావూ? ఆ సంతకాన్ని రెండో పేజీలోకి తోసింది ఆయన పేరా, మీ ఫుల్‌స్టాపులా? నీళ్లలో నారు ఎన్నాళ్లుంటే కుళ్లిపోతుందో మీకు తెలీదా? ఈ డెల్టాలో పుట్టి, ఈ బియ్యం తింటూ, ఎర్ర పెన్ను తియ్యడానికి చెయ్యెలా వచ్చింది? ఆయనకి ఎంటర్‌కీ షిఫ్ట్ ఎంటర్‌కీ తేడా తెలియక్కర్లేదు. ఆయన పని అది కాదు. జీతం పుచ్చుకునే మీకు తెలియాలి. తెలియకపోతే కనీసం సిగ్గుపడి, ఆ కాగితం తీసుకుని కాలువ గట్టుకి వెళ్లాలి. పొలానికి పొక్లెయిన్ రావాల్సిన రోజుల్లో ఆ మనిషిని జెరాక్స్ షాపు బెంచీ మీద కూర్చోబెట్టారు. చుక్కలు ఏరడానికి!

అబ్బాయి మంచివాడే. "బాబాయ్ గారూ, ఈసారి ఒక్క పేజీలోనే పట్టిస్తానండి," అని మార్జిన్లు తగ్గించి, అక్షరాలు చిన్నవి చేసి, సంతకాన్ని మొదటి పేజీ అడుక్కి లాక్కొచ్చాడు. లాక్కొచ్చాడు గానీ, సంతకం కింద ఎవరో ఎప్పుడో కొట్టి వదిలేసిన ఎంటర్లు అలాగే ఉండిపోయాయి. వాటికోసం వర్డ్ ఒక రెండో పేజీ పుట్టించింది. ప్రింటర్లోంచి తెల్ల కాగితం ఒకటి వచ్చింది, అడుగున 'పేజీ 2 / 2' అని. ఖాళీ కాగితానికి డబ్బులెందుకిస్తానని రైతు దాన్ని షాపులోనే వదిలేసి, మొదటి పేజీ పట్టుకుని సోమవారం గ్రీవెన్సుకి వెళ్లాడు.

తిరిగొచ్చింది. 'రెండవ పేజీ జతపరచలేదు.'

పై సోమవారం షాపుకెళ్లి, ఆ ఖాళీ పేజీకి డబ్బులిచ్చి, వెనకాల పిన్ను కొట్టించి పట్టుకెళ్లాడు. కౌంటర్లో కూర్చున్న గుమాస్తా మొదటి పేజీ చదవలేదు. రెండో పేజీ మాత్రం అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీద కూడా 'అందినది' అని స్టాంపు కొట్టి, "ఆయ్, ఇప్పుడు సరిపోయిందండి," అన్నాడు.