గన్ సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి

వారానికి ఒకరైనా ఇన్‌బాక్సులో ఇదే అడుగుతారు. "అన్నా, బుల్లి విమానాల మోడల్స్‌కి రంగు వేయడానికి మొదటి ఎయిర్‌బ్రష్ కొందామనుకుంటున్నా, ఏది తీసుకోమంటారు?" ఎయిర్‌బ్రష్ అంటే రంగును గాలితో చిమ్మే చిన్న గన్. దానికి ఆ గాలిని నొక్కి పంపే కంప్రెసర్ ఏది అని మాత్రం ఒక్కరూ అడగరు. గన్ కోసం మూడు నెలలు వీడియోలు చూసి, కంప్రెసర్ దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒకటి లెండి" అనేస్తారు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు. నా లెక్క దీనికి తలకిందులు. ఉన్న డబ్బులో పెద్ద వాటా గాలికి పెట్టండి, మిగిలిందానితో గన్ కొనండి.

గన్ అడుగునే బిగించుకునే బుల్లి బ్యాటరీ కంప్రెసర్లు ఉన్నాయి చూశారూ, వాటిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గాలి నిలవ ఉండే ట్యాంకు ఉండదు కాబట్టి పంపు కొట్టుకునే ప్రతి దెబ్బా నేరుగా రంగులోకి వస్తుంది. చవక రకాల్లో ప్రెషర్ తగ్గించడం, పెంచడం మన చేతిలో ఉండదు. పైగా ఆ బరువంతా మోసేది మన మణికట్టే. అసలులో 72వ వంతు ఉండే 1/72 విమానం రెక్క మీద సన్నటి గీత తీయాల్సిన చెయ్యి అది!

ఇక తేమ. మాది విశాఖ. వానాకాలంలో అప్పడం డబ్బా మూత తీసి పెడితే పది నిమిషాల్లో మెత్తబడే ఊరు. ఆ గాలినే కంప్రెసర్ పీల్చి నొక్కుతుంది, నొక్కితే వేడెక్కుతుంది, ట్యాంకులోనో పైపులోనో చల్లారగానే అందులోని తేమ నీళ్లవుతుంది. నా మొదటి కంప్రెసర్‌కి ట్యాంకూ లేదు, గాలిలోని నీటిని పట్టి ఆపే మాయిశ్చర్ ట్రాపూ లేదు. "అవసరం లేదు సార్" అన్నాడు అమ్మినాయన, నేనూ నమ్మాను. 1971 నాటి మిగ్-21 ఎఫ్‌ఎల్ యుద్ధవిమానం మోడల్ కడుతున్నాను, ఒళ్లంతా తళతళలాడే లోహపు రంగు. నిగనిగలాడే నలుపు అడుగు పూత వేసి, దాని మీద వెండి రంగు కొడుతుంటే ఎడమ రెక్క మీద టప్పున రెండు నీటి చుక్కలు. వెండి రంగు కింద వెంట్రుక దాచినా కనిపిస్తుంది, నీటి మచ్చ ఎక్కడ దాగుతుంది? మొత్తం గీకేశాను.

అందుకే చెబుతున్నా, ఏఎస్-186 అనే రకం కంప్రెసర్ చూడండి. ఒకే డిజైను, మీద పది పేర్ల స్టిక్కర్లు. ఆయిల్ అక్కర్లేని పిస్టన్, 3 లీటర్ల ట్యాంకు, ప్రెషర్ తగ్గించి పెంచే రెగ్యులేటర్, దానికే మాయిశ్చర్ ట్రాప్. ప్రెషర్ 4 బార్ దగ్గర దానంతటదే ఆగుతుంది, 3 దగ్గరికి పడగానే మళ్లీ మొదలవుతుంది. మనం కొట్టేది 15-20 పీఎస్‌ఐ, అంటే ఒక బార్, లేదా కాస్త ఎక్కువ. ట్యాంకు నిండి ఉంటే గాలి అదురు లేకుండా వస్తుంది. రాత్రి 11 గంటలకు ఫ్లాట్‌లో నడిపినా పక్కింటివాళ్లు తలుపు కొట్టరు. పని అయ్యాక ట్యాంకు అడుగున ఉన్న మర విప్పి నీళ్లు వదలండి. మొదటిసారి ఎంత వస్తుందో చూసి మీరే నోరెళ్లబెడతారు.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకోవచ్చు కదా అనే మిత్రులూ ఉన్నారు. చప్పుడే ఉండదు, నిజమే. కానీ అది ఆయిల్‌తో నడిచేది, ఆ ఆయిల్ గాలితోపాటు రంగులోకి వస్తుంది. సెపరేటర్, సేఫ్టీ వాల్వ్, ప్రెషర్ స్విచ్ బిగించడం తెలిసినవాళ్లకే అది. ఏ పాత సిలిండర్‌నో ట్యాంకుగా వెల్డింగ్ చేయించే సాహసం ఇంట్లో మాత్రం వద్దు.

గన్ గురించి చెప్పడానికి అంత లేదు. డ్యూయల్ యాక్షన్, రంగు పోసే కప్పు పైనుండేది, 0.3 మి.మీ. నాజిల్ (రంగు బయటికొచ్చే ముక్కు). నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. 0.2 చూసి మోజుపడకండి, రంగు కాస్త చిక్కగా ఉన్నా దాని ముక్కు మూసుకుపోతుంది. మర తిప్పి బిగించే బుల్లి నాజిల్ అయితే కడిగేటప్పుడు కాస్త గట్టిగా తిప్పినా పుటుక్కున విరుగుతుంది. హార్డర్ అండ్ స్టీన్‌బెక్, ఇవాటా ఎక్లిప్స్ లాంటివాటిలో నాజిల్ మర లేకుండానే అమరి కూర్చుంటుంది, ఆ బాధ లేదు. డబ్బుంటే అవే. లేకపోతే మామూలు గన్ కొని విడి నాజిల్, నీడిల్ దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. పైపు మర కూడా చూసుకోండి. ఎక్కువ గన్‌లకు 1/8 బీఎస్‌పీ అనే మర కొలత ఉంటుంది; బ్యాడ్జర్, పాష్ కంపెనీలవి వేరే కొలతలు, అడాప్టర్ కావాలి.

కడగడానికి హార్డ్‌వేర్ షాపులో ఎన్‌సీ థిన్నర్ తెచ్చుకుంటారు, తెలుసు. చవక గన్‌లలో ఉండే రబ్బరు వాషర్లు దానికి ఉబ్బిపోతాయి. నానబెట్టకండి. దాన్ని వాడేటప్పుడు, కిటికీ తెరిచి ఉన్నా సరే, థిన్నర్ ఆవిరిని పట్టే ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్క్ పెట్టుకోండి. కరోనా నాటి సర్జికల్ మాస్క్ ఆ ఆవిరిని ఆపదు.

ఇదంతా రాసి మొన్న ఒక తమ్ముడికి పంపాను. "అన్నా, ఆఫర్ ఉందని బ్యాటరీది కొనేశా, దానికి మాయిశ్చర్ ట్రాప్ ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. ఇంకా జవాబివ్వలేదు. ముందు నా మిగ్ ఎడమ రెక్కకి మళ్లీ నలుపు కొట్టాలి.