బూరకు యాసిడ్ స్నానమా?

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది పదకొండోసారి. నిన్న పంపింది స్వయానా మా బావ. కింద "నీకు పనికొస్తుంది చూడు" అని ఒక ముక్క కూడా. కర్నూలు పాతబస్తీలో 20 ఏళ్లుగా గ్రామఫోన్ బూరల సొట్టలు తీస్తూ కూర్చున్నవాడికి!

అందులో ఉన్నది ఇదీ: "మీ అటక మీద తాతల నాటి ఇత్తడి ఫోనోగ్రాఫ్ బూర ఉందా? రాత్రంతా బాత్‌రూమ్ యాసిడ్‌లో నానబెట్టండి. సొట్టలుంటే గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి సుత్తితో కొట్టండి. పగులుకు ఎం-సీల్ పెట్టండి. రోజూ అద్దాలు తుడిచే లిక్విడ్‌తో తుడవండి. యాసిడ్ లేకపోతే చింతపండు, ఉప్పు. కుక్క బొమ్మ ఉంటే ఒరిజినల్, లక్షల్లో ధర."

ఎం-సీల్ నీళ్ల పైపులకు పెట్టుకోండి. దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

యాసిడ్ సంగతికి వద్దాం. పోయిన వేసవిలో నంద్యాల నుంచి ఒక కుర్రాడు బూరను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. విప్పి చూస్తే పసుపు రంగే లేదు. కిందపడి చర్మం లేచిన మోకాలిలా మచ్చలు మచ్చలుగా ఎర్రగా ఉంది. "కడిగితే పోతుందా అన్నా?" అన్నాడు. ఏం పోతుంది? ఇత్తడిలో ఉన్న జింకును యాసిడ్ తినేసింది, రాగి మిగిలింది. ఆ ఎర్ర పొరను రుద్ది తీయొచ్చు గానీ, అసలే పలచటి రేకు, ఇంకా పలచనవుతుంది. నిలువు అతుకు మీద గోటితో గీరితే మాటు (అతుకు పట్టడానికి కరిగించి పోసిన లోహం) వేసిన చోట బూడిద రంగు పొడి రాలింది. అంచు ఇంకా ఘోరం. చాలా బూరలకు అంచున ఇనుప తీగ పెట్టి దాని మీదికి రేకు మడుస్తారు. ఆ మడతలోకి దూరిన యాసిడ్ ఎన్ని బకెట్ల నీళ్లు పోసినా బయటికి రాదు. లోపల తీగ తుప్పు పట్టి, మడత ఉబ్బి, ఒకచోట చిట్లింది కూడా. అది వాళ్ల ముత్తాత కొన్న బూర. ఒక్క రాత్రిలో పని అయిపోయింది. పైగా ఆ కాలపు బూరల్లో అన్నీ పూర్తి ఇత్తడివి కావు. మెడంతా నల్ల రంగు వేసిన ఇనుప రేకు, ముందు పువ్వు మాత్రమే ఇత్తడి ఉన్నవి ఎన్నో. వాటికి యాసిడ్ పోస్తే ఏమవుతుందో చెప్పాలా?

అద్దాల లిక్విడ్ సలహా పైకి అమాయకంగానే కనిపిస్తుంది. కానీ వాటిలో కొన్నిట్లో అమ్మోనియా ఉంటుంది. బ్రిటిషు వాళ్ల కాలంలో మన దేశంలోనే సైన్యం ఇత్తడి తూటాలను వానాకాలంలో గుర్రపుశాలల్లో దాచింది. ఎవరూ ముట్టుకోకుండానే అవి పగిలిపోయాయి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలో చెమ్మ, వేడి చేయకుండా సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే అంతే. కారణం 1921లో గానీ తేలలేదు. బూర కూడా అలా సాగదీసిన రేకే. మేం కళాయికి వాడే నవాసాగరం కూడా అమ్మోనియా బాపతే. అందుకే పని కాగానే కడిగేస్తాం. వీళ్లేమో రోజూ పూయమంటున్నారు.

ఎర్రగా కాలిస్తే ఇత్తడి మెత్తబడుతుంది, నిజమే. కంచరి వాళ్లూ కాలుస్తారు, అతుకు వేయకముందు! తగరం, సీసం కలిపి వేసిన మాటు 190 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. ఇత్తడి మెత్తబడాలంటే 400 దాటాలి. అంటే సొట్ట మెత్తబడేసరికి అతుకు విడిపోయి బూర మీ చేతిలో చాపలా పరుచుకుంటుంది. సొట్ట తీయడమంటే లోపల నున్నటి దిమ్మె ఆనించి, కొయ్య సుత్తితో సొట్ట అంచుల నుంచి మధ్యకు మెల్లగా జరుపుకుంటూ రావడం. ఇనుప సుత్తితో నడిమధ్య ఒక్కటిస్తే రేకు సాగి అటువైపు బుడిపె లేస్తుంది. అప్పుడు దాన్నీ కాల్చమంటారేమో.

కుక్క బొమ్మ? అదే, బూర ముందు కూర్చుని వింటున్న కుక్క, హెచ్‌ఎంవీ గుర్తు. ఇత్తడి సామాన్లకు పేరుపడ్డ మొరాదాబాద్ నుంచి వచ్చే కొత్త బూరల మీద అతికించడానికి ఆ స్టిక్కర్ ఎంతసేపు? అసలు ఆ బొమ్మ వేసిన ఫ్రాన్సిస్ బారో మొదట గీసింది నల్ల బూర ఉన్న ఫోనోగ్రాఫ్‌ను. ఇత్తడి బూరైతే మెరుపు వస్తుందని 1899లో గ్రామఫోన్ కంపెనీకి అరువుకు వెళ్లాడు. ఫోనోగ్రాఫ్ తీసేసి తమ గ్రామఫోన్‌నే గీస్తే బొమ్మ కొంటామన్నారు వాళ్లు. అంటే ఆ కుక్కకే బూర అరువుది. అది మీ బూరకు సాక్ష్యం చెబుతుందా?

ఇక చింతపండు. దీన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నా. కానీ 2009 అక్టోబరు వరదలో మా ఇల్లు మునిగినప్పుడు తాత బూర ఒండ్రులో కూరుకుపోయి దొరికింది. బొంబాయి నుంచి తెప్పించిన పాలిష్ డబ్బా కోసం నేను వెతుకుతుంటే, మా అమ్మ గుప్పెడు చింతపండు పిసికి పూసి, పది నిమిషాల్లో కడిగి, పాత పంచెతో తడి లేకుండా తుడిచేసింది. చిలుము పోయింది, రేకుకు ఏమీ కాలేదు. ఉప్పు వేయలేదు. అది మడతల్లో మిగిలితే మళ్లీ చిలుమే. కాబట్టి మెసేజ్ రాసినాయనా, ఉప్పు తీసేస్తే ఈ ఒక్కటీ నీదే గెలుపు. దాన్ని కూడా "యాసిడ్ లేకపోతే" అని వెనక్కి నెట్టావు చూడు!

బావా, నీ దగ్గర ఆ యాసిడ్ సీసా ఉంటే పంపు. మా బాత్‌రూమ్ గచ్చు పాచి పట్టింది.