కణపొరకు సూదంటే లెక్కలేదు

సూది పడనిదే జ్వరం దిగదన్నది మా నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు తిరుగులేని సిద్ధాంతం. గోలీలు రాసిచ్చేవాడికి వైద్యం రానట్టు. సూది వేసేవాడు మంచి డాక్టర్. సెలైన్ ఎక్కించేవాడు సాక్షాత్తు దేవుడు. ఇంత పెద్ద సిద్ధాంతాన్ని ఇప్పటికీ ఒప్పుకోనిది ఒంట్లో ప్రతి కణం చుట్టూ ఉండే కణపొర ఒక్కటే.

దాని పొగరు ఏమని చెప్పాలి! ఉన్నదేమో రెండు వరసల కొవ్వు. మిల్లీమీటరును లక్ష ముక్కలు చేస్తే వచ్చే ముక్కకన్నా పలచన. అయినా మందు నోట్లోంచి వచ్చిందా, నరంలోంచి వచ్చిందా అని చూడదు. విద్యుదావేశం లేకుండా, కొవ్వులో కరిగే చిన్న అణువైతే పోనిస్తుంది. పారాసిటమాల్ అలా పోయేదే, గోలీ మింగినా గంటలోపే పని మొదలుపెడుతుంది. సూది తప్పించేది పేగు గోడను, కణపొరను కాదు.

ఇక సెలైన్ దర్బారు చూడాలి. ఆర్‌ఎంపీ గారి బెంచీ మీద పెద్దమ్మ, కిటికీ చువ్వకు సీసా. అందులోకి బీ కాంప్లెక్స్ గుచ్చగానే నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. చుట్టూ ఉన్నవాళ్లకు భక్తి పొంగుతుంది. "బలం ఎక్కుతున్నది చూడు!" అరలీటరు ఐదు శాతం గ్లూకోజ్‌లో ఉన్న బలం 25 గ్రాముల చక్కెర. ఆ చక్కెరకైనా కొవ్వు పొర దాటడం సొంతంగా చేతకాదు, పొరలోని రవాణా ప్రోటీన్లు చెయ్యి పట్టుకొని దాటించాలి. కండరాల్లోనైతే ఆ ప్రోటీన్లను ఇన్సులిన్ పొర మీదికి పిలవాలి. షుగర్ ఉన్న పెద్దమ్మ ఒంట్లో ఇన్సులిన్ మాట సరిగ్గా చెల్లదు కాబట్టి బలం చాలాసేపు నెత్తుట్లోనే చక్కర్లు కొడుతుంది. పసుపు రంగు సాయంత్రానికి మూత్రంలో పోతుంది. అది చూసి "రోగం కడుక్కపోతున్నది" అని ఇంటిల్లిపాదీ సంతోషం.

మోకాళ్ల నొప్పుల సూది దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. అందులో కలిపే డెక్సామెథసోన్ ఒక స్టెరాయిడ్. కొవ్వులో కరుగుతుంది, పొరను అడక్కుండా కణంలోకి దూరుతుంది. వాపు అణిగి పెద్దమ్మ ఆ పూట లేచి నడుస్తుంది. నెలల తరబడి పొడిస్తే షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. ఎవరి ఎముక? లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్‌ను అంతకు మించి తాగి బిగుసుకుపోయిన మనిషి ఎముక! కడుపులోని ఆమ్లంలో ఆ ఫ్లోరైడ్ హైడ్రోజన్‌తో కలిసి, విద్యుదావేశం వదిలించుకొని, ఇదే పొరను దాటి పోయింది. బోరు నీళ్లు తప్ప దిక్కులేక తాగిన జనం వాళ్లు. వాళ్ల దగ్గర పైసలు తీసుకొని మిగిలిన ఎముకను కూడా గుల్ల చేస్తావా? సిగ్గుండాలె!

ఆర్‌ఎంపీని ఏం మందయ్యా అంటే "పవర్ సూది" అంటాడు. చీటీ రాసియ్యమంటే "పెద్దమ్మకు చదువొస్తదా సార్" అని నవ్వుతాడు. రాదు. సీసా మీద పేరు చదవొచ్చినోడివి, నీకేమైంది?