జడ్చర్ల–కోదాడ రోడ్డుకు డాంబర్ కంటే ముందు సైడు కాలువలు కావాలి

దక్షిణ తెలంగాణ మ్యాపు ముందు పెట్టుకొని చూడండి. కర్నూలు రోడ్డు, శ్రీశైలం రోడ్డు, సాగర్ రోడ్డు, విజయవాడ రోడ్డు అన్నీ హైదరాబాద్‌కే పోతాయి. పట్నంతో పని లేకుండా పాలమూరును, నల్లగొండను అడ్డంగా కలిపే పెద్ద రోడ్డు అంటే జడ్చర్ల–కోదాడ రోడ్డే. జడ్చర్లలో 44వ నంబరు జాతీయ రహదారి దగ్గర మొదలవుతుంది. మిడ్జిల్, ఊర్కొండ దాటి కల్వకుర్తి దగ్గర శ్రీశైలం రోడ్డును, చారకొండ, దేవరకొండ దాటి కొండమల్లేపల్లిలో సాగర్ రోడ్డును, హాలియాలో నల్లగొండ–సాగర్ రోడ్డును, మిర్యాలగూడలో అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డును కలుపుకుంటూ నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా పోయి కోదాడలో విజయవాడ హైవేను చేరుతుంది. 2016లో జిల్లాలు విడగొట్టాక, రెండు జిల్లాల్లో ఉన్న రోడ్డు నాలుగు జిల్లాలకు పంచబడింది.

చాలా ఏళ్లు ఇది రాష్ట్ర రహదారి. ఇప్పుడు 167వ నంబరు జాతీయ రహదారిలో భాగం. నంబరు మారింది, వెడల్పు పెరిగింది, బైపాస్‌లు వచ్చాయి. సంతోషమే. కానీ ఈ రోడ్డు ఎందుకు పాడవుతుందో ఆ కారణం మాత్రం అలాగే ఉంది. ప్రతి వానాకాలం తర్వాత గుంతలు పూడుస్తాం, ప్రతి ఎన్నికల ముందు పైన ఇంకో పొర డాంబర్ వేస్తాం, పక్కన నీళ్లు పోయే దారిని ఎవరూ పట్టించుకోరు. నేను గట్టిగా అనేది ఒక్కటే: ఈ రోడ్డు మీద పెట్టే ప్రతి రూపాయీ ముందు సైడు కాలువకు, బెర్ముకు (లైన్ల పక్కన అంచున ఉండే పట్టీకి), రోడ్డు కింద నీళ్లు దాటే తూముకు పోవాలి. డాంబర్ ఆ తర్వాత.

ఎందుకో చెప్తాను. ఈ రోడ్డు నిజానికి రెండు రోడ్లు. జడ్చర్ల నుంచి దేవరకొండ దాకా మెట్ట. ఎర్ర చెల్కలు, గుట్టలు, జొన్న, పత్తి, ఒకప్పుడు ఆముదం. హాలియా నుంచి కింద తరి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ పొలాలు వరి మళ్లయ్యాయి, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది. హుజూర్‌నగర్, కోదాడ వైపు నల్లరేగడి కూడా తగులుతుంది. మెట్ట నేలలో వాన కురిసిన గంటల్లో నీళ్లు జారిపోతాయి. తరి నేలలో రోడ్డుకు రెండు పక్కలా నెలల తరబడి నీళ్లు నిలిచే ఉంటాయి. ఈ రెంటికీ ఒకే డిజైను, ఒకే ఎస్టిమేటు, ఒకే రకం మరమ్మతు పనికిరావు.

బీటీ రోడ్డు, అంటే డాంబర్ రోడ్డు, నీళ్లను మూడు దారుల్లో తాగుతుంది. పైనుంచి పగుళ్ల గుండా, పక్కనుంచి బెర్ముల గుండా, కిందినుంచి నేల తేమగా. పైన పడిన నీళ్లు జారిపోవడానికి బీటీకి 2.5 శాతం వాలు ఉండాలి. రెండు లైన్ల 7 మీటర్లకు చెరో పక్క మీటరున్నర బీటీ బెర్ము కలిస్తే మొత్తం 10 మీటర్లు. అంటే నడుమ నుంచి అంచుకు 5 మీటర్లలో 12.5 సెంటీమీటర్లు దిగాలి. దీన్ని ఎవరైనా కొలవొచ్చు. మేస్త్రీల దగ్గరుండే నీళ్ల లెవల్ పైపు ఒకటి, టేపు ఒకటి, పట్టుకోవడానికి ఇద్దరు మనుషులు చాలు. వాహనాలు తక్కువున్న వేళ చూసుకొని, రోడ్డు మలుపు లేని చోట కొలవాలి. మలుపుల్లో వాలు మొత్తం ఒక పక్కకే ఉంటుంది కాబట్టి అక్కడి లెక్క వేరు.

బీటీ అంచు దాటాక మట్టి బెర్ము వస్తుంది. దాని వాలు బీటీ కంటే ఎక్కువగా, కనీసం 3 శాతం ఉండాలి. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. గడ్డి పెరిగి, దుమ్ము పేరుకొని, పొలం నుంచి వచ్చే ట్రాక్టర్ల బురద గట్టిపడి మట్టి బెర్ము బీటీ కంటే ఎత్తవుతుంది. అప్పుడు నీళ్లు అంచున కాలువ కట్టి నిలుస్తాయి. ఆ నీళ్ల మీదుగానే లారీ ఎడమ టైర్లు పోతాయి. అంచు విరగడం అక్కడే మొదలవుతుంది. ఈ బెర్మును గ్రేడరుతోనో జేసీబీతోనో గీకి వాలు సరిచేయడం డాంబర్ పొరతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు. అయినా టెండర్లలో అది చివరి వరుసలో ఉంటుంది, బిల్లులో ముందు కోత పడేదీ దానికే.

ఇంకో తప్పు కంటికి కనపడదు. కంకర పొరల కింద జీఎస్‌బీ అని ఒక పొర వేస్తారు. దాని పని బరువు మోయడం సగమైతే, లోపలికి దిగిన నీళ్లను పక్కకు పారించడం మిగతా సగం. అందుకే అది బీటీ వెడల్పు దగ్గర ఆగకుండా కట్ట వాలు దాకా పోయి బయటికి తేలాలి. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని మధ్యలో ఆపేసి, రెండు పక్కలా మట్టి పోసి మూసేస్తే లోపలి నీళ్లకు దారి ఉండదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత పొర, కొత్త పొర ఒకే మట్టంలో కలవకపోయినా ఇదే గతి. పాత రోడ్డుకూ కొత్త వెడల్పుకూ మధ్య పొడుగునా నిలువు పగులు కనిపిస్తే కారణం చాలాసార్లు ఇదే.

తరి ప్రాంతంలో సబ్‌గ్రేడు (రోడ్డు పొరల కింద గట్టిచేసిన మట్టి) అడుగు, నిలిచే నీటి మట్టానికి కనీసం 60 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలి. రోడ్డు పక్క మడిలో నాటు నుంచి కోత దాకా నీళ్లుంటాయి, పైగా ఏటా గట్టు కాస్త కాస్త రోడ్డు వైపు జరుగుతుంది. సైడు కాలువ ఉండాల్సిన చోట వరి ఉంటుంది. రైతును తిట్టడం తేలిక. హద్దు రాళ్లు పాతి, కాలువ తవ్వి చూపించాల్సిన శాఖ ఆ పని చేయనప్పుడు రైతు గట్టు ఎక్కడ ఆపాలి? నల్లరేగడి ఉన్న చోట ఇంకో పని తప్పదు. ఉబ్బు 50 శాతం దాటిన మట్టిని కట్టకు వాడకూడదు, మొరంతో మార్చాలి. లేదంటే వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకొని, ఏప్రిల్‌కల్లా అంచు వెంట చెయ్యి పట్టే పగుళ్లు వస్తాయి. జూన్ వాన నేరుగా వాటిలోకే దిగుతుంది.

మెట్ట వైపు కథ కూడా మారుతోంది. శ్రీశైలం జలాశయం నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు లిఫ్టుల మీద కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు వస్తున్నాయి. వలస జిల్లా అనిపించుకున్న చోట వరి కనిపించడం కంటే గొప్ప మాట లేదు. కానీ ఆ రోడ్డు తూములు మెట్ట లెక్కతో వేసినవి. చెరువులు నిండి అలుగులు పారే రోజుల్లో పాత తూములు సరిపోవు. ఎత్తిపోతల కాలువ వచ్చిన ప్రతి ఊరి దగ్గర తూముల లెక్క మళ్లీ వేయాలి. బైపాస్‌ల దగ్గర మరీ ముఖ్యం. పొలాల మధ్య నుంచి ఎత్తుగా పోసిన బైపాస్ చెరువు కట్టలాగే నీళ్లను ఆపుతుంది. పాత వాగు పేరున్న చోటే కాదు, వాన నీళ్లు పారే ప్రతి పల్లంలో తూము ఉండాలి.

ఊళ్లలో స్పీడు బ్రేకర్ల సంగతి. ప్రమాణం ప్రకారం గుండ్రటి బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, బండి పోయే దిశలో పొడవు 3.7 మీటర్లు. మన ఊళ్లలో అంతే ఎత్తును రెండు అడుగుల్లో పోస్తారు. బండి నడుము విరిగే సంగతి అందరూ చెప్పేదే. నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. అంచు నుంచి అంచు దాకా పోసిన బ్రేకరు ఎగువన నీళ్లను నిలబెడుతుంది, అందుకే బ్రేకరుకు ముందు గుంత తప్పకుండా ఉంటుంది. రెండు చివరలా కాలువ వైపు సందు వదలాలి. పిల్లల ప్రాణాల కోసం బ్రేకరు అడిగే ఊళ్లది న్యాయమైన కోరికే, సరైన కొలతతో పోయించుకోవాలి.

బరువు గురించి కూడా చెప్పాలి. మిర్యాలగూడ బియ్యం, హుజూర్‌నగర్ చుట్టుపక్కల సిమెంటు, కోతల కాలంలో వడ్ల లారీలు. 2018లో కేంద్రం ఒక్కో ఇరుసు మీద మోయదగ్గ బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. రోడ్డుకు కలిగే నష్టం బరువుతో సమానంగా పెరగదు, సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పన్నెండు, పదమూడు శాతం బరువు పెరిగితే నష్టం అరవై శాతం పెరుగుతుంది. ఇది చట్టం ఒప్పుకున్న బరువు మాత్రమే. అడుగు తడిసిన రోడ్డు మీద అదే లారీ చేసే నష్టం ఇంకా ఎక్కువ. ఓవర్‌లోడు తనిఖీ వానాకాలంలోనే గట్టిగా ఉండాల్సింది ఇందుకే. ఇనుప కేజ్‌వీల్స్‌తో ట్రాక్టర్లు బీటీ ఎక్కడం మాత్రం మన ఊళ్లలో మనమే ఆపుకోవాల్సిన పని.

రోడ్డు మీద వడ్లు ఆరబోయడం ప్రాణాల మీదికి తెస్తుంది, ముఖ్యంగా రాత్రి పూట అంచున పేర్చిన రాళ్లతో. కానీ కల్లాలు లేకుండా రైతు ఎక్కడ ఆరబోస్తాడు? ఉపాధి హామీ కింద కట్టిన కల్లాల డబ్బుల మీద 2022లో కేంద్రం, రాష్ట్రం పోట్లాడుకున్నాయి. ఆ పోట్లాటలో నష్టపోయింది రైతే.

గుంతలు పూడ్చేటప్పుడు చూడాల్సినవి. గుంతను గట్టి భాగం వచ్చేదాకా చతురస్రంగా, అంచులు నిలువుగా కోయాలి. లోపల దుమ్ము, తడి ఉండకూడదు. అడుగుకు, గోడలకు ఎమల్షన్ (నీళ్లలో కలిపిన డాంబర్) పూయాలి. వేడి మిక్సు పోసి, అది 90 డిగ్రీలకు చల్లబడేలోపు రోలింగ్ పూర్తి చేయాలి. నీళ్లున్న గుంతలో కంకర పోసి పారతో తట్టి పోతే అది మొదటి పెద్ద వానకే లేచిపోతుంది. పని జరుగుతుంటే ఊరివాళ్లు నిలబడి ఫొటోలు తీయడం తప్పేమీ కాదు. ఒప్పందం కాపీ, లోపాల బాధ్యత గడువు (పని పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన గడువు) సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇవ్వాల్సినవే.

చివరికి తేదీలు. తరి వైపు సాగర్ కాలువ బందయి, యాసంగి కోతలు ముగిసి, నేల ఆరేది మే నెలలో. జూన్ రెండో వారానికి వానలు. అక్కడ కాలువలు తవ్వడానికి, బెర్ములు గీకడానికి ఉన్నది ఆ కొద్ది వారాలే, అప్పుడే వడ్ల లారీల రద్దీ కూడా. మెట్ట వైపు ఫిబ్రవరిలోనే చేసుకోవచ్చు. టెండరు ఒకటే పిలిచినా అందులో పని తేదీలు మాత్రం దేవరకొండకు పైన ఒకటి, హాలియాకు కింద ఒకటి రాయించండి.