ఆర్బిట్రేషన్‌లో గోప్యత దానంతటదే రాదు

విదేశీ కొనుగోలుదారుతో తగాదా వస్తే ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి దగ్గరకు, వెళితే చాలునని, అక్కడ జరిగేదంతా ఏ దేశంలోనైనా చట్టరీత్యా రహస్యమేనని, ఆ మధ్యవర్తి ఇచ్చే తీర్పు, అంటే అవార్డు సంగతి కూడా ఎవరికీ తెలియదని, అందుకోసం ఒప్పందంలో వేరే షరతు రాయనక్కర్లేదని, బ్యాంకుకు సైతం చెప్పనక్కర్లేదని ఒక సందేశం చీమకుర్తి గ్రానైటు ఎగుమతిదారుల్లోనూ నెల్లూరు రొయ్యల వ్యాపారుల్లోనూ చేతులు మారుతోంది. ఒంగోలులో ఎగుమతి ఒప్పందాలు చూసే న్యాయవాదిగా దీన్ని ఖండించక తప్పదు.

ఇందులో నిజం కొంత ఉంది. విచారణ గదిలోకి బయటివారిని రానివ్వరు. కానీ తలుపు మూసి విచారించడం ఒకటి, లోపల విన్నది బయట చెప్పకూడదనడం మరొకటి. 1995లో ఎస్సో వర్సెస్ ప్లోమన్ కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు ఈ తేడానే పట్టుకుంది. విక్టోరియా రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకు అమ్మే గ్యాస్ ధరపై వచ్చిన వివాదం అది. విచారణ ఏకాంతంగా జరిగినంత మాత్రాన పక్షాలకు గోప్యతా బాధ్యత పుట్టదని కోర్టు తేల్చింది. అక్కడి చట్టం తరువాత మారింది, అదీ సవరణల వల్లనే. స్వీడన్ సుప్రీంకోర్టు 2000లో ఇదే మాట చెప్పింది. ఇంగ్లండు కోర్టులు మాత్రం ఒప్పందంలో రాయకపోయినా ఆ బాధ్యత ఉంటుందంటాయి. కాబట్టి "ఏ దేశంలోనైనా" అన్న మాట నిలవదు.

మన చట్టం ఉంది కదా అని కొందరు అడుగుతారు. 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సిలియేషన్ చట్టంలో 2019 సవరణ చేర్చిన 42ఎ సెక్షన్ గోప్యతను విధించిన మాట వాస్తవమే. అయితే అది చట్టం మొదటి భాగంలో ఉంది, ఆ భాగం ప్రధానంగా ఆర్బిట్రేషన్ సీటు, అంటే ఏ దేశ చట్టం కింద ఆర్బిట్రేషన్ నడుస్తుందో ఆ చోటు, భారతదేశంలో ఉన్నప్పుడు వర్తిస్తుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు బ్లాకులకు ముందుగా ఇచ్చే ధరల పత్రం, అంటే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ అడుగున, చిన్న అక్షరాల్లో, వివాదాలు సింగపూర్‌లో పరిష్కరించుకోవాలన్న ఒక్క వాక్యం ఉందనుకోండి. అప్పుడు చూడవలసింది సింగపూర్ చట్టం. పైగా 42ఎ ఆర్బిట్రేటరును, ఆర్బిట్రేషన్ నడిపించే సంస్థను, పక్షాలను మాత్రమే పేర్కొంటుంది. బ్లాకులో పగులు ఎక్కడుందో చూసి చెప్పిన నిపుణుడి ఊసు, సాక్షి ఊసు అందులో లేవు.

ఆర్బిట్రేషన్ నడిపించే సంస్థల నియమాలూ ఒక తీరున లేవు. లండన్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ కోర్టు నియమాల్లో 30వ ఆర్టికల్ పక్షాలను గోప్యతకు కట్టిపడేస్తుంది. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి, అంటే ఐసీసీ, 2021 నియమాల్లో అలాంటి సాధారణ బాధ్యత లేదు, ఒక పక్షం అడిగితే ట్రిబ్యునల్, అంటే వివాదం విచారించే ఆర్బిట్రేటర్లు, ఉత్తర్వు ఇవ్వవచ్చునంతే. 2019 జనవరి 1 నుంచి వెలువడిన అవార్డులను, పక్షాలు అభ్యంతరం చెప్పకపోతే, కనీసం రెండేళ్ల తరువాత ఐసీసీ ప్రచురించవచ్చు కూడా.

అవార్డు ఎవరికీ తెలియదన్న మాటే అన్నిటికంటే ప్రమాదకరం. ఓడినవారు డబ్బు కట్టకపోతే, విదేశీ అవార్డుల అమలుకు దేశాలు కుదుర్చుకున్న 1958 న్యూయార్క్ ఒడంబడిక కింద వచ్చిన విదేశీ అవార్డును ఇక్కడ అమలు చేయించడానికి మన 1996 చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆ అవార్డునే హైకోర్టులో దాఖలు చేయాలి. కోర్టు బహిరంగం. తీర్పు పక్షాల పేర్లతో ఇంటర్నెట్‌లోకి వస్తుంది. ఘనపు మీటరుకు మీరు ఎంతకు అమ్మారో అందులో ఉంటే, రేపు బేరానికి వచ్చే కొనుగోలుదారు దాన్ని చదివే వస్తాడు.

బ్యాంకు విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. వివాదాలు తెలియజేస్తామని అప్పు పత్రాల్లో సంతకం చేసినవారిని, ఆర్బిట్రేషన్‌కు వెళ్లామన్న ఒక్క కారణం ఆ హామీ నుంచి విడిపించదు.

అందువల్ల సీటు ఎక్కడ, ఏ సంస్థ నియమాలు, ఏయే పత్రాలు గోప్యం, సాక్షులనూ నిపుణులనూ ఎలా కట్టిపెట్టాలి, బ్యాంకుకూ బీమా సంస్థకూ ఎంతవరకు చెప్పవచ్చు అన్నవి ఒప్పందంలోనే రాసుకోవాలి. సరుకు ఓడెక్కి తగాదా మొదలయ్యాక అడిగితే, అవతలివారు ఒప్పుకోవలసిన పని లేదు.